హోవర్డ్ హెడ్

హోవర్డ్ హెడ్ (జూలై 31, 1914 - మార్చి 3, 1991) అమెరికా దేశానికి చెందిన ఇంజనీరు, ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త. మంచు వాలులపై జారడానికి వాడే స్కీలను అల్యూమినియంతో తయారుచేసి, వాటిని వాణిజ్యపరంగా విజయవంతం చేసినవాడిగా ప్రసిద్ధి పొందాడు. తరువాతి కాలంలో పెద్ద తల గల టెన్నిస్ రాకెట్టును రూపొందించి, ఆ ఆట స్వరూపాన్నీ మార్చాడు. ఈయన స్వయంగా ఏ ఆటలోనూ మేటి క్రీడాకారుడు కాడు. తనకు ఆట సరిగా రాకపోవడమే ఈయన రెండు ఆవిష్కరణలకూ మూలం. "ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట" అని తెలుగులో ఒక సామెత ఉన్నది. హెడ్ కూడా తనకు ఆట రానపుడు తప్పు పనిముట్టుదేనన్నాడు. అయితే ఈయన విషయంలో మద్దెల నిజంగానే ఓటిదని తేలింది.

స్కీ అంటే ఏమిటి

తెలుగునాట మంచు కురవదు కనుక ఈ క్రీడ గురించి కొంత చెప్పుకోవాలి. స్కీ అంటే పొడవైన, సన్నని పలక. దాని ముందుకొన పైకి వంగి ఉంటుంది. రెండు కాళ్ళకు రెండు పలకలు. ప్రత్యేకమైన గట్టి బూటును బైండింగ్ అనే బిగింపుతో పలకకు కలుపుతారు. మనిషి కిందపడినపుడు కాలు విరగకుండా ఈ బిగింపు తనంతట తాను విడిపోతుంది. కొండవాలు మీదుగా జారుతూ, మోకాళ్ళు వంచి, పలక అంచును మంచులోకి నొక్కితే స్కీ మలుపు తిరుగుతుంది. భారతదేశంలో కాశ్మీరులోని గుల్మార్గ్, ఉత్తరాఖండ్‌లోని ఔలీ ఈ క్రీడకు పేరుపొందిన స్థలాలు.

మంచి స్కీకి పరస్పర విరుద్ధంగా కనిపించే రెండు గుణాలు ఉండాలి. నిడివి వెంట అది విల్లులా వంగాలి. అడ్డంగా మాత్రం మెలితిరగకూడదు. మెలితిరిగితే అంచు మంచును పట్టదు, మలుపు జారిపోతుంది. కలప చక్కగా వంగుతుంది కాని, మెలితిరగకుండా ఆపే శక్తి దానికి తక్కువ. పైగా తడికి ఉబ్బుతుంది, ఎండకు వంకర పోతుంది. 1940లలో ఉత్తమ స్కీలను హికరీ అనే గట్టి కలపతో చేసేవారు. అవి బరువైనవి, పొడవైనవి. చేయి పైకెత్తి నిలుచున్న మనిషి మణికట్టును అందుకునేంత పొడవు ఉండాలని ఆనాటి లెక్క. ఆ కొలతను కొత్తగా నేర్చుకునేవారికి కూడా మార్చేవారు కాదు.

బాల్యం, విద్య, ఉద్యోగం

హెడ్ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఫిలడెల్ఫియా నగరంలో జన్మించాడు. తండ్రి దంతవైద్యుడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదివి 1936లో పట్టభద్రుడయ్యాడు. రచయిత కావాలన్నది తొలి కోరిక. చదువు ముగిశాక కొంతకాలం వార్తాచిత్రాలు, పత్రికల రంగంలో చిన్న ఉద్యోగాలు చేశాడు, కాని రాణించలేదు. అభిరుచి పరీక్ష ఒకటి రాసినపుడు వస్తువుల నిర్మాణాన్ని మనసులో ఊహించుకోగల శక్తి ఈయనకు అధికంగా ఉన్నట్లు తేలింది. ఆ తరువాత బాల్టిమోర్‌లోని గ్లెన్ ఎల్. మార్టిన్ విమాన సంస్థలో చేరాడు. రేకులకు రివెట్లు కొట్టే పనితో మొదలుపెట్టి ఇంజనీరు స్థాయికి ఎదిగాడు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విమాన నిర్మాణంలో ఒక కొత్త పద్ధతి వచ్చింది. రెండు పలుచని అల్యూమినియం రేకుల నడుమ తేలికైన పదార్థాన్ని ఉంచి, బలమైన జిగురుతో అతికించేవారు. అట్టపెట్టెల అట్టను విప్పి చూస్తే లోపల కనిపించే అమరిక ఇంచుమించు ఇటువంటిదే. బరువు తక్కువ, బిగువు ఎక్కువ. హెడ్‌కు ఈ పద్ధతితో బాగా పరిచయం ఉండేది.

స్టో ప్రయాణం

1947లో హెడ్ వెర్మాంట్ రాష్ట్రంలోని స్టో అనే మంచుకొండల ఊరికి మొదటిసారి స్కీయింగ్ కోసం వెళ్ళాడు. అద్దెకు తీసుకున్న హికరీ స్కీలు ఈయన మాట వినలేదు. పదే పదే పడ్డాడు, సిగ్గుపడ్డాడు. ఆరడుగులకు మించిన మనిషి అందరి ముందూ మంచులో దొర్లడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. సాధారణంగా ఇటువంటి సందర్భంలో మనిషి తనకు ఆ విద్య రాదని సరిపెట్టుకుంటాడు. హెడ్ మాత్రం కాలికి కట్టిన వస్తువును పరిశీలించాడు. విమానాలు కలపను వదిలి ఎంతోకాలమైనా స్కీ ఇంకా కలపతోనే ఎందుకు ఉన్నదని ఆలోచించాడు. విమానాల అతుకు పద్ధతితో సగం బరువుకే అంత బలమైన స్కీ చేయవచ్చునని లెక్కవేశాడు.

1948 జనవరిలో ఉద్యోగం వదిలివేశాడు. చేతిలో ఉన్నది పేకాటలో గెలిచి దాచుకున్న సుమారు 6000 డాలర్లు. పెట్టుబడి విషయంలో ఈయనను ఆదర్శంగా తీసుకోవడం అంత మంచిది కాదనుకుంటాను.

విరిగిన స్కీలు

బాల్టిమోర్‌లో ఒక చిన్న స్థలం అద్దెకు తీసుకుని పని మొదలుపెట్టాడు. జిగురు అంటుకోవాలంటే వేడి, ఒత్తిడి రెండూ కావాలి. పెద్ద యంత్రాలు కొనే స్థోమత లేదు. పొరలుగా పేర్చిన స్కీని రబ్బరు సంచిలో పెట్టి, గాలి తీసివేసి, మరుగుతున్న వాడిన ఇంజను నూనె తొట్టిలో ముంచి ఉడికించేవాడు. గాలి తీసిన సంచిపై బయటి వాతావరణ పీడనం నలువైపులా సమానంగా పనిచేస్తుంది కనుక ఒత్తిడికి వేరే యంత్రం అవసరం లేకపోయింది. వాతావరణ పీడనం పాఠం చెప్పేవారికి ఇది చక్కని ఉదాహరణ.

అలా తయారైన ఆరు జతలను స్టోకు తీసుకువెళ్ళి అక్కడి శిక్షకులకు ఇచ్చాడు. అవి ఒక్కొక్కటిగా విరిగిపోయాయి. తిరిగి వచ్చి మళ్ళీ చేశాడు. మళ్ళీ విరిగాయి. ఇలా మూడు శీతకాలాలు గడిచాయి. సుమారు 40 రూపాలు మారాయి. ప్రతి వైఫల్యమూ ఒక మార్పును నేర్పింది. నడుమ ఉంచిన తేనెపట్టు వంటి ప్లాస్టిక్ పదార్థానికి బలం చాలక దాని బదులు ప్లైవుడ్ పెట్టాడు. అల్యూమినియం అంచు మెత్తనిది కనుక గడ్డకట్టిన మంచును పట్టలేక త్వరగా అరిగిపోయేది. శిక్షకులు ఉక్కు అంచు కావాలన్నారు. ఉక్కు చేర్చితే బరువు, బిగువు లెక్కలన్నీ తారుమారవుతాయి, అయినా చేర్చక తప్పలేదు. అడుగున లోహం ఉంటే దానికి మంచు అతుక్కుపోయేది. అందుకు ప్లాస్టిక్ అడుగు వేశాడు. మొదట అనుకున్న సగం బరువు ఆశ ఈ మార్పులలో కరిగిపోయింది. మెలితిరగని గుణం మాత్రం నిలిచింది. ఈయన అసలు సాధించినది అదే.

1950లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని టకర్మన్ లోయ నిటారు వాలు మీద క్లిఫ్ టేలర్ అనే శిక్షకుడు కొత్త స్కీలను పరీక్షించాడు. అవి విరగలేదు, పైగా సులువుగా మలుపులు తిరిగాయి. అదే సంవత్సరం హెడ్ స్కీ కంపెనీ ఉత్పత్తి మొదలైంది.

చీటర్స్

హెడ్ స్టాండర్డ్ అన్న పేరుతో వచ్చిన నల్లని స్కీల ధర 85 డాలర్లు. ఆనాటి మంచి కలప స్కీల ధరకు అది కొన్ని రెట్లు. మొదటి సంవత్సరం సుమారు 300 జతలు అమ్ముడుపోయినా నష్టమే వచ్చింది. సంస్థలో వాటాలు ఇతరులకు అమ్మి పెట్టుబడి తెచ్చుకోవలసి వచ్చింది. అయినా రెండు మూడేళ్ళలో వాటికి గిరాకీ పెరిగింది. వాటిని తొడుక్కున్న సాధారణ స్కీయరు కూడా మలుపును తేలికగా తిప్పగలిగాడు. కష్టపడి నేర్చుకున్న పాతకాలపు ఆటగాళ్ళకు ఇది అన్యాయంగా తోచింది. ఎగతాళిగా వాటికి చీటర్స్ అనే పేరు పెట్టారు, అంటే మోసకారి స్కీలన్నమాట. ఆ పేరు సంస్థకు ఎటువంటి హానీ చేయలేదు సరికదా, ఉచిత ప్రచారంగా పనికివచ్చింది.

పందెగాళ్ళు మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. అతివేగంలో, గట్టి మంచుపై లోహపు స్కీ కంపించేది. 1960ల తొలినాళ్ళలో హెడ్ పొరల నడుమ నియోప్రీన్ అనే రబ్బరు చేర్చి, కంపనాన్ని తగ్గించి, కాంపిటీషన్ అనే నమూనాను తెచ్చాడు. అంతకుముందే, 1960 శీతకాల ఒలింపిక్స్‌లో ఫ్రాన్సు దేశస్థుడు జాన్ వార్నే లోహపు స్కీలపై డౌన్‌హిల్ పందెం గెలిచాడు. అవి హెడ్ చేసినవి కావు, ఫ్రెంచి సంస్థ రోసిన్యోల్‌వి. మార్గం చూపినవాడు ఒకడు, పతకం మరొకరి స్కీలకు దక్కింది.

హెడ్ తన లోహాన్ని అతిగా నమ్మాడనే విమర్శ ఉన్నది. 1960లలో ఫైబర్‌గ్లాస్ స్కీలు ఐరోపా నుంచి వచ్చి క్రమంగా మార్కెట్టును ఆక్రమించాయి. ఇతర సంస్థలు ఆ దారిలో వేగంగా నడిచాయి, హెడ్ సంస్థ ఆలస్యం చేసింది. 1969లో ఈయన తన సంస్థను ఎ.ఎం.ఎఫ్. అనే పెద్ద సంస్థకు సుమారు 1 కోటి 60 లక్షల డాలర్లకు విక్రయించాడు.

క్లిఫ్ టేలర్ విషయం ఇక్కడే చెప్పాలి. హెడ్ స్కీలను టకర్మన్‌లో పరీక్షించిన ఇతడే తరువాత పొట్టి స్కీలతో బోధన మొదలుపెట్టాడు. నేర్చుకునేవారికి మొదట సుమారు రెండున్నర అడుగుల స్కీలు ఇచ్చి, నైపుణ్యం పెరిగేకొద్దీ పొడవు పెంచుతూ పోవడం ఇతని పద్ధతి. వెర్మాంట్‌లోని కిల్లింగ్‌టన్ పాఠశాల 1960లలో దీనిని స్వీకరించింది. పిల్లవాడికి మొదటి రోజే పెద్ద సైకిలు ఇవ్వరు కదా! ఇంత చిన్న విషయం స్కీయింగ్ లోకానికి తట్టడానికి అన్ని దశాబ్దాలు పట్టింది.

టెన్నిస్ రాకెట్టు

విశ్రాంత జీవితంలో హెడ్ టెన్నిస్ నేర్చుకోబోయాడు. అక్కడా అదే కథ. సాధనకోసం బంతులు విసిరే యంత్రం కొని, దాని పనితీరు నచ్చక, దాన్ని తయారుచేసే ప్రిన్స్ సంస్థలోనే పెట్టుబడి పెట్టి 1971లో అధ్యక్షుడయ్యాడు. యంత్రం బాగుపడింది కాని, ఈయన ఆట బాగుపడలేదు. బంతి రాకెట్టు నడుమ తగలకుండా పక్కకు తగిలినపుడు పిడి చేతిలో మెలితిరిగిపోతున్నదని గమనించాడు.

మొదట చట్రానికి బరువులు జోడించి చూశాడు, ప్రయోజనం లేకపోయింది. తరువాత వెడల్పు పెంచాలనే ఆలోచన వచ్చింది. భుజాన కావడి మోసేవాడు గిర్రున తిరగలేడు. బరువు ఇరువైపులా దూరంగా ఉండడమే కారణం. దీనినే భౌతికశాస్త్రంలో జడత్వ భ్రామకం అంటారు. ఇది దూరపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వెడల్పు 20 శాతం పెరిగితే 1.2ను 1.2తో హెచ్చించగా 1.44 వస్తుంది. అంటే మెలితిరగకుండా నిలిచే గుణం 40 శాతానికి పైగా పెరిగినట్లు. ఆనాడు టెన్నిస్ నియమాలలో రాకెట్టు పరిమాణానికి పరిమితి లేదు. 1976లో ఈయనకు పేటెంటు లభించింది, ప్రిన్స్ క్లాసిక్ రాకెట్టు విడుదలయింది. పాత రాకెట్ల తీగల వైశాల్యం సుమారు 70 చదరపు అంగుళాలు కాగా దీనిది 110.

దీనిని కూడా మొదట వృద్ధుల రాకెట్టని, ఆట రానివారి రాకెట్టని నవ్వారు. 1978లో 16 ఏళ్ళ పామ్ ష్రైవర్ ఈ రాకెట్టుతో అమెరికా ఓపెన్ సెమీఫైనల్లో మార్టినా నవ్రతిలోవాను ఓడించి ఫైనల్ చేరింది. అక్కడ క్రిస్ ఎవర్ట్ చేతిలో ఓడినా, ఆ తరువాత నవ్వినవారు తక్కువ. 1982లో ప్రిన్స్ సంస్థను 6 కోట్ల 20 లక్షల డాలర్లకు చీజ్‌బరో పాండ్స్ సంస్థ కొనుగోలు చేసింది.

చివరి రోజులు

హెడ్ 1979లో అమెరికా జాతీయ స్కీ ప్రముఖుల జాబితాలో స్థానం పొందాడు. ఉత్తరార్ధ జీవితంలో కళలకు, వైద్యానికి విరాళాలు ఇచ్చాడు. బాల్టిమోర్‌లోని సెంటర్ స్టేజ్ నాటకశాలలో ఒక రంగస్థలానికి, కొలరాడోలోని వేల్ పట్టణంలో క్రీడాగాయాల చికిత్సాకేంద్రానికి ఈయన పేరు పెట్టారు. 1991 మార్చి 3న, గుండె శస్త్రచికిత్స అనంతరం మరణించాడు. ఈయన పత్రాలు స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన అమెరికా చరిత్ర మ్యూజియంలో భద్రపరచబడి ఉన్నాయి.

ప్రభావం: మహిళల స్కీలు, బూట్లు

హెడ్ లేవనెత్తిన ప్రశ్న, అనగా నేర్చుకునేవారి శరీరానికి పనిముట్టు తగినదా కాదా అన్నది, మహిళల విషయంలో చాలా ఆలస్యంగా పరిశీలనకు వచ్చింది. దశాబ్దాలపాటు మహిళల స్కీ అంటే పురుషుల స్కీనే పొట్టిగా చేసి రంగు మార్చినది. బూటుదీ అదే పరిస్థితి. 1960ల నడుమ బాబ్ లాంగ్ ప్లాస్టిక్ బూట్లను ప్రవేశపెట్టాక తోలు బూట్లు తెరమరుగయ్యాయి. ప్లాస్టిక్ గట్టిది, కాలి కదలికను వెంటనే స్కీకి అందిస్తుంది. అయితే తేలికైన మనిషి ఆ గట్టి బూటును ముందుకు వంచలేదు. వంచలేకపోతే శరీరం వెనక్కు వాలుతుంది, స్కీ ముందుకొన మంచును వదిలేస్తుంది, మలుపు తప్పుతుంది. చూసేవారికి అది పిరికితనంగా కనిపిస్తుంది.

మహిళల శరీర బరువు సగటున తక్కువ. పిక్క కండరం పురుషులకంటే కాస్త కిందికి ఉంటుంది, మడమ సన్ననిది. పురుషుల బూటు పైపట్టీ పిక్కను ఒత్తుకుని ఆమెను అవసరానికి మించి ముందుకు నెడుతుంది లేదా నొప్పి కలిగిస్తుంది. మడమ మాత్రం లోపల వదులుగా ఆడుతుంది. 1980, 90 దశకాలలో జెనీ థోరెన్ అనే అమెరికన్ స్కీయరు ఈ విషయాలను గట్టిగా ప్రచారం చేసింది. బైండింగ్‌ను కొంచెం ముందుకు జరిపి బిగించడం, మడమ కింద చిన్న ఎత్తు పెట్టడం వంటి మార్పులతో చాలామంది స్త్రీలు సులువుగా మలుపులు తిప్పగలరని ఆమె వాదన. నేడు ప్రధాన సంస్థలన్నీ మహిళల కొరకు ప్రత్యేకమైన అచ్చులతో బూట్లు, స్కీలు చేస్తున్నాయి.

ఉన్నత విద్యకై మంచు దేశాలకు వెళ్ళే తెలుగు విద్యార్థినులు ఇప్పుడు తక్కువేమీ కాదు కనుక ఎంపిక గురించి రెండు మాటలు. ముందు బూటు చూడాలి, స్కీ తరువాత. మంచి స్కీ కొని, బూటు ఎవరిదో అరువు తెచ్చుకోవడం తలకిందుల పని. బూటు కొలత పాదం పొడవును సెంటీమీటర్లలో తెలుపుతుంది. పలుచని మేజోళ్ళు ఒక జత మాత్రమే వేసుకోవాలి. నిటారుగా నిలుచున్నపుడు బొటనవేలు ముందుభాగాన్ని తాకీ తాకనట్లుండాలి, మోకాళ్ళు వంచగానే కొంచెం వెనక్కు రావాలి. దుకాణంలో హాయిగా, వదులుగా ఉన్న బూటును ఎంచుకోవడమే అందరూ చేసే పొరపాటు. లోపలి మెత్త కొన్ని రోజులలో అణగిపోయి, ఆ బూటు పెద్దదవుతుంది. వంగే గుణాన్ని ఫ్లెక్స్ అనే అంకెతో సూచిస్తారు. ప్రారంభదశ దాటి మెరుగుపడుతున్న మహిళలకు సుమారు 65 నుంచి 85 వరకు చెబుతారు. అయితే ఈ అంకెకు అన్ని సంస్థలకూ వర్తించే ప్రమాణం లేదు కనుక తొడిగి, వంగి చూడడమే మేలు.

స్కీ పొడవు ఈ దశలో గడ్డానికీ ముక్కుకూ మధ్య ఉంటే చాలును. తేలికైనవారు ఇంకాస్త తగ్గించుకోవచ్చును. 1990లలో నడుము సన్నగా, కొనలు వెడల్పుగా ఉండే స్కీలు వచ్చాక పొడవు అవసరం బాగా తగ్గింది. స్లోవేనియా సంస్థ ఎలాన్ ఈ మార్పుకు ఆద్యులలో ఒకటి. యంత్రాలతో చదునుచేసిన వాలులపై తిరిగేవారికి నడుము వెడల్పు 70 నుంచి 85 మిల్లీమీటర్లు సరిపోతుంది. నిపుణుల కోసం చేసిన బిగువైన స్కీ కొంటే త్వరగా నిపుణులమవుతామనుకోవడం పొరపాటు. అది బరువు, వేగం ఉన్నవారికే వంగుతుంది. ఇక బైండింగ్ బిగువును బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, నైపుణ్యం బట్టి నిపుణుడే సరిచేయాలి. స్నేహితురాలి స్కీలు అరువు తెచ్చుకుని అలాగే తొడిగితే మోకాలికి ప్రమాదం.

భారతదేశానికి స్కీయింగ్‌లో తొలి అంతర్జాతీయ పతకం ఒక మహిళ ద్వారానే వచ్చింది. 2018లో టర్కీలో జరిగిన పోటీలో మనాలీ ప్రాంతానికి చెందిన ఆంచల్ ఠాకూర్ కాంస్యం గెలుచుకుంది.

మహిళలకు తప్పక మెత్తని స్కీలే ఇవ్వాలన్న నియమం కూడా లేదు. హెడ్ పేరును నేటికీ నిలుపుకున్న సంస్థ ఇప్పుడు ఆస్ట్రియాలో స్కీలు తయారుచేస్తున్నది. 2009లో ఆ సంస్థ స్కీలకు మారిన అమెరికా క్రీడాకారిణి లిండ్సే వాన్ పురుషుల కోసం చేసిన పొడవైన, గట్టి స్కీలనే ఎంచుకుని, 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో డౌన్‌హిల్ స్వర్ణపతకం సాధించింది. ఆమె బలానికి, వేగానికి అవే తగినవి.